టెక్ సందేహాలు: గేమ్ ధర పెరిగిన మాట నిజమే, అలాగని టెలిగ్రామ్‌లో కొనకండి

గేముల ధరల గురించి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. విడివిడిగా జవాబు రాస్తే అదే మాట పదిసార్లు చెప్పినట్టవుతుంది కాబట్టి, ఈసారి కాలమ్ మొత్తం దీనికే.

ప్రశ్న (విజయవాడ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి): సర్, కొత్తగా వచ్చే పెద్ద గేములన్నీ నాలుగైదు వేలు చెబుతున్నారు. నిజంగానే ధరలు పెరిగాయా, నాకే అలా అనిపిస్తోందా? ఇంకా ఆగితే తగ్గుతాయా?

పెరిగాయి. మీ భ్రమేమీ కాదు. అయితే ఈ పెరుగుదల అన్ని దేశాల్లో ఒకేలా లేదు, మన దగ్గర కాస్త గట్టిగానే తగిలింది.

అమెరికాలో కన్సోల్ (టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టె) మీద ఆడే పెద్ద గేమ్ ధర 2005-06 ప్రాంతంలో 60 డాలర్లకు చేరింది. తర్వాత దాదాపు పదిహేనేళ్లు అక్కడే ఉంది. 2020లో కొత్త తరం కన్సోళ్లు వచ్చినప్పుడు 70 అయింది. 2025 జూన్‌లో ‘మారియో కార్ట్ వరల్డ్’ 80 డాలర్లకు వచ్చింది. అంతకు నెల ముందు ఇంకో పెద్ద కంపెనీ కూడా ఏడాది చివర్లో రాబోయే తన గేములు కొన్నింటికి 80 అని చెప్పింది. జనం మండిపడ్డారు. జులైలో ఆ కంపెనీ వెనక్కి తగ్గి ‘ది ఔటర్ వరల్డ్స్ 2’ ధరను మళ్లీ 70కి తెచ్చింది. కొనేవాళ్లు మొహం తిప్పుకుంటే ధర దిగుతుందనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

కంపెనీలు ఎప్పుడూ చెప్పే వాదన ద్రవ్యోల్బణం. 2005 నాటి 60 డాలర్లు ఇప్పటి లెక్కలో 95 దాటతాయి, కాబట్టి 70కి ఇవ్వడం అంటే చవగ్గా ఇస్తున్నట్టే అంటారు. అమెరికా వరకు ఆ లెక్క తప్పు కాదు. కానీ మనకు డాలర్ ధరతో పాటు రూపాయి విలువ కూడా కలిసి వస్తుంది. 2005లో డాలర్‌కు 44 రూపాయల ప్రాంతంలో ఉండేది, 2020లో 74, 2025లో 85 దాటింది. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్ మీద 18 శాతం జీఎస్టీ వేరే. 60 నుంచి 70 డాలర్లు అంటే అక్కడ ఆరో వంతు పెరుగుదల. అదే సమయంలో ఇక్కడ ఒక పేరున్న కన్సోల్ పెద్ద గేములు 3,999 నుంచి 4,999కి పోయాయి, అంటే నాలుగో వంతు. అక్కడి జీతాలు, మన జీతాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి జేబుకు ఎంత చిల్లు పడిందో తెలుస్తుంది.

పీసీలో ఆడేవాళ్లకు చాలాకాలం ఒక ఊరట ఉండేది. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 2015 నవంబర్‌లో మన దేశానికి రూపాయల్లో ధరలు మొదలుపెట్టింది. గేమ్ తయారు చేసినవాళ్లు ఇక్కడి ఆదాయాలకు తగ్గట్టు తక్కువ ధర పెట్టేవారు. 2022 అక్టోబర్‌లో స్టీమ్ ఏ దేశంలో ఎంత ధర పెడితే బాగుంటుందో చెప్పే సూచనల పట్టికను సవరించింది, చాలా దేశాల అంకెలు పైకి వెళ్లాయి, వాటిలో మనదీ ఉంది. ఆ తర్వాత 2023 నవంబర్‌లో అర్జెంటీనా, టర్కీ వాళ్లకు సొంత కరెన్సీ ధరలే తీసేసి డాలర్లలో పెట్టారు. ఆ రెండు దేశాల కరెన్సీ పడిపోవడం ఒక కారణం. ఎక్కడెక్కడి వాళ్లో వీపీఎన్ పెట్టుకుని, తాము టర్కీలో ఉన్నట్టు నటించి కొనడం ఆటగాళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ‘వీపీఎన్‌తో చవగ్గా కొనొచ్చా’ అని అడిగినవాళ్లందరికీ ఇదే నా జవాబు: అకౌంట్ పోయే ప్రమాదం మీది, ధర పెరిగితే నష్టం ఆ దేశంలో నిజంగా ఉంటున్న పిల్లలది. చేయకండి.

ఇక తయారీ ఖర్చు. దాని గురించి మనకు ఖచ్చితమైన అంకెలు బయటికొచ్చిన తీరు ఒకటుంది. 2023లో అమెరికాలో ఒక కంపెనీల విలీనం కేసులో కోర్టుకిచ్చిన కాగితాల మీద రహస్య అంకెలను నల్ల మార్కర్‌తో కొట్టేశారు. స్కాన్ చేస్తే మార్కర్ కింద అక్షరాలు కనబడిపోయాయి. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు 21.2 కోట్ల డాలర్లు అయ్యాయని లోకానికి అలా తెలిసింది. (ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద పెన్నుతో గీసి ఫొటో పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అంకెలు దాచాలంటే ఆ ముక్క కత్తిరించేయాలి.)

ఖర్చు పెరిగింది సరే. అంత పెద్ద గేములు తీయాలని నిర్ణయించింది ఎవరు? 2025 సెప్టెంబర్ 4న ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ 20 డాలర్లకు వచ్చింది, తీసింది గుప్పెడు మంది. కొనేవాళ్ల తాకిడికి పెద్ద పెద్ద ఆన్‌లైన్ స్టోర్లు కాసేపు మొరాయించాయి. కాబట్టి ‘గేములు ఖరీదైపోయాయి’ అనడం కంటే ‘ప్రచారం ఎక్కువగా ఉన్న గేములు ఖరీదైపోయాయి’ అనడం సరైన మాట.

నాకు అసలు ధర కంటే ఎక్కువ కోపం తెప్పించేది డీలక్స్ ఎడిషన్ వ్యవహారం. రెండు వేలు ఎక్కువ కడితే మూడు రోజులు ముందే ఆడుకోవచ్చంటారు. అంటే గేమ్ అప్పటికే సిద్ధంగా ఉంది, మామూలు ధర కట్టినవాడిని కావాలనే మూడు రోజులు గుమ్మం బయట నిలబెడుతున్నారు. పైగా ఆ ముందు మూడు రోజుల్లో కనబడే తప్పులన్నీ ఎక్కువ డబ్బు కట్టినవాళ్లే భరిస్తారు. మొదటి రోజే యాభై జీబీల అప్‌డేట్ వదలడం ఈ మధ్య మామూలైపోయింది. ఆరు నెలలు ఆగండి. పీసీ గేమ్ అయితే అప్పటికి ధర గణనీయంగా తగ్గుతుంది, తప్పులు సరిదిద్ది ఉంటాయి. విడుదల రోజునే ఆడకపోతే కొంప మునిగే గేమ్ ఏదీ లేదు. మీ స్నేహితులందరితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడేదైతే అది వేరే సంగతి, అప్పుడు కూడా మామూలు ఎడిషనే కొనండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మీ పీసీలో నడుస్తుందో లేదో చూసుకోవడానికి ఆ రెండు గంటలు చాలు.

ప్రశ్న (హనుమకొండ): టెలిగ్రామ్‌లో ఒకాయన ఐదు వేల గేమ్‌ను 700కి ‘ప్రైమరీ అకౌంట్’గా ఇస్తానంటున్నాడు. మా ఫ్రెండ్స్ చాలామంది తీసుకున్నారు. సేఫేనా?

కాదు. అతను మీకు అమ్మేది గేమ్ కాదు, తన అకౌంట్‌లోకి కొన్నాళ్లు తొంగిచూసే వీలు. ఒకే అకౌంట్‌ను ఒకరికి ప్రైమరీ (ఆ అకౌంట్‌కు ప్రధాన కన్సోల్), ఇంకొకరికి సెకండరీ (రెండో కన్సోల్) అని అమ్ముతాడు. ఏదో ఒక రోజు గేమ్‌కు తాళం బొమ్మ పడుతుంది. అడిగితే ‘ఇంటర్నెట్ ఆన్ చేశావా’ అని మీదే తప్పంటాడు, ఆ తర్వాత బ్లాక్ చేస్తాడు. 700 పోతే పోయిందని ఊరుకోవచ్చు. కానీ ‘మీ అకౌంట్‌లోనే గేమ్ వేసిస్తాను, లాగిన్, బ్యాకప్ కోడ్‌లు పంపు’ అనేవాళ్లున్నారు. ఓటీపీ బదులు వాడే ఆ బ్యాకప్ కోడ్ చేతికిచ్చారంటే టూ స్టెప్ వెరిఫికేషన్ తాళం తీసి ఇచ్చినట్టే.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక గృహిణి): మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఒక గేమ్ ఫ్రీగా డౌన్‌లోడ్ చేశాడు. అది ఓపెన్ కాలేదు, వదిలేశాడు. రెండు రోజులకు మా వారి మెయిల్‌లోకి ఎవరో వెళ్లారు, నా ఇన్‌స్టాగ్రామ్ పోయింది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదండి. ఎలా జరిగింది?

ఈ కాలమ్‌లో ఒక్క జవాబే చదివే టైముంటే ఇది చదవండి. గేము ధర పెరిగిన ప్రతిసారీ క్రాక్ కాపీ (తాళం పగలగొట్టిన దొంగ కాపీ) వెతికేవాళ్లు పెరుగుతారు, వాళ్ల కోసం వల వేసేవాళ్లూ పెరుగుతారు.

మీ అబ్బాయి డౌన్‌లోడ్ చేసినది బహుశా పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ అయి ఉంటుంది. లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైల్, అందులో ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి, క్రాక్‌ను వైరస్ అని తప్పుగా చూపిస్తుంది’ అని రాసి ఉంటుంది. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది దాచుకోవడానికే. తాళం వేసిన ఫైల్ లోపల ఏముందో యాంటీవైరస్, మెయిల్ సర్వీసులు చూడలేవు. తర్వాత యాంటీవైరస్‌ను మన చేతే ఆపించేస్తే ఇక అడ్డేముంది? సెటప్ మీద క్లిక్ చేశాక గేమ్ ఓపెన్ కాకపోవడం మీకు పాడైన ఫైల్‌లా కనిపిస్తుంది. దాని పని మాత్రం ఆ నిమిషంలోనే అయిపోయింది.

వీటిని ఇన్ఫోస్టీలర్ అంటారు. అవి ల్యాప్‌టాప్‌లో కాపురం పెట్టాల్సిన పనిలేదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైళ్లు మూటగట్టి పంపేసి వెళ్లిపోతాయి. మీరు ఓటీపీ చెప్పకపోయినా అకౌంట్ పోవడానికి కారణం ఆ కుకీలే. మనం ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లాగిన్ అయ్యాక, మళ్లీ మళ్లీ అడగకుండా సైట్ బ్రౌజర్‌కు ఒక గుర్తు ఇస్తుంది, అదే కుకీ. ఆ గుర్తు దొంగ బ్రౌజర్‌లోకి వెళ్తే, సైట్ దృష్టిలో అతనూ మీ వారే. ఓటీపీ దశ ఎప్పుడో దాటిపోయింది కదా, కొత్తగా అడగదు. 2025 మేలో లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్ నెట్‌వర్క్‌ను అమెరికా అధికారులు, ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ కలిసి దెబ్బతీశారు. అంతకు ముందు రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలోకి అది చేరిందని అప్పుడు లెక్క తేలింది.

మన ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. ఒకే ల్యాప్‌టాప్‌లో పిల్లాడి గేములు, నాన్న నెట్ బ్యాంకింగ్, అమ్మ ఇన్‌స్టాగ్రామ్, డెస్క్‌టాప్ మీద ‘డాక్యుమెంట్స్’ అనే ఫోల్డర్‌లో అందరి ఆధార్, పాన్, పదో తరగతి మెమో. బ్రౌజర్ ‘పాస్‌వర్డ్ సేవ్ చేయనా’ అని అడిగిన ప్రతిసారీ ‘సరే’ నొక్కేశాం. ఆ బ్రౌజర్లను తయారు చేసేవాళ్ల మీదా నాకు కోపమే. ఆ బటన్‌ను అంత పెద్దగా, అంత ముందుకు తెచ్చి పెట్టినవాళ్లు, వేరే కంప్యూటర్‌లోకి పోయిన కుకీ పనిచేయకుండా చేయడంలో మాత్రం ఏళ్ల తరబడి నత్తనడక నడిచారు.

ఇప్పుడు చేయాల్సినవి. ముందు ఆ ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. దానిలో పాస్‌వర్డ్‌లు మార్చకండి, కొత్తవీ దొంగకే వెళ్తాయి. ఫోన్‌లోంచి మీ వారి మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేసి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ ఫోన్ నంబర్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. మెయిల్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తప్పకుండా చూడాలి. చాలామంది ఇది వదిలేస్తారు. దొంగ అక్కడ తన అడ్రస్ పెట్టుకుని వెళ్తే, మీరు పాస్‌వర్డ్ మార్చినా బ్యాంకు మెయిళ్లన్నీ అతనికి ఒక కాపీ పోతూనే ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, కార్డు లిమిట్‌లు అదే రోజు మార్చండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంట ఆలస్యమైనా తేడా పడుతుంది. ఆఖరున ల్యాప్‌టాప్‌లో విండోస్ పూర్తిగా కొత్తగా వేయించండి. స్కాన్ చేస్తే ఏమీ లేదని వచ్చింది కదా అని వదిలేయొద్దు.

అబ్బాయిని తిట్టకండి. తిడితే వచ్చేసారి మీకు చెప్పడు, ఆ రెండు రోజులు రెండు వారాలవుతాయి.

అసలు స్టోర్‌లో ఉన్నవన్నీ సురక్షితమనీ కాదు. 2025 ఫిబ్రవరిలో ‘పైరేట్‌ఫై’ అనే ఉచిత గేమ్ స్టీమ్‌లోనే ఇలాంటి ఇన్ఫోస్టీలర్‌తో వచ్చింది, తర్వాత తీసేశారు. పేరు వినని ఉచిత గేమ్ కొత్తగా వస్తే కొన్ని వారాలు ముట్టుకోకండి. ‘జీటీఏ 6’ ఏపీకే (ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్) అని యూట్యూబ్ వీడియోల కింద కనిపించే లింకులైతే నూటికి నూరుపాళ్లు మోసం. ఆ గేమ్ ప్రకటించింది రెండు కన్సోళ్లకే, ఫోన్‌కు కాదు.

ప్రశ్న (కరీంనగర్): డిస్క్ డ్రైవ్ లేని కన్సోల్ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. 2021 ఫిబ్రవరిలో ఒక కన్సోల్ మన దేశంలోకి వచ్చినప్పుడు డ్రైవ్ ఉన్నది 49,990, లేనిది 39,990. తేడా పది వేలు. 4,999 పెట్టి కొన్న డిస్క్‌ను ఆడేశాక రెండున్నర వేలకు అమ్ముకోగలిగితే నాలుగు గేములకు ఆ పదివేలు వచ్చేస్తాయి. డ్రైవ్ లేకపోతే అమ్ముకోవడం, మార్చుకోవడం, పక్కింటి కుర్రాడికి ఇవ్వడం ఏదీ ఉండదు. ఒకే స్టోర్, వాళ్లు చెప్పిందే ధర. డ్రైవ్ ఖర్చు మిగులుతుందని కంపెనీ ఇలాంటి కన్సోల్ తేదు, సెకండ్ హ్యాండ్ మార్కెట్ చచ్చిపోవడమే దానికి అసలు లాభం అని నేను గట్టిగా నమ్ముతాను.

డిస్క్ ఉంటే అంతా మన చేతిలో ఉన్నట్టు కూడా కాదు. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. డిస్క్ కొన్నవాళ్లు కూడా ఒంటరిగా ఆడుకోలేకపోయారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, డిజిటల్‌గా అమ్మేది లైసెన్స్ (ఆడుకునే అనుమతి) మాత్రమే అయితే ఆ మాట కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని చట్టం తెచ్చారు. అమ్మేసిన గేములను ఇలా చంపేయొద్దని యూరప్‌లో పెట్టిన పిటిషన్ మీద 2025 జులై నాటికి పది లక్షల సంతకాలు దాటాయి. మన వినియోగదారుల చట్టం ఈ విషయంలో ఎవరినైనా ప్రశ్నించిన దాఖలా నాకు కనబడలేదు, ప్రశ్నించాలి.

డిస్క్ కొనేటప్పుడు పెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘డౌన్‌లోడ్ తప్పనిసరి’, ‘ఇంటర్నెట్ కనెక్షన్ తప్పనిసరి’ అని ఉంటే లోపల పూర్తి గేమ్ లేకపోవచ్చు. 2025లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే ఒక కన్సోల్‌కైతే గేమ్ బదులు డౌన్‌లోడ్‌కు తాళంచెవి మాత్రమే ఉన్న కార్డులు అమ్ముతున్నారు. ఆ కార్డును తిరిగి అమ్ముకోవచ్చు, అంతవరకు నయం. కానీ డౌన్‌లోడ్ సర్వర్ ఆపేసిన రోజు, అప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉండకపోతే అది ఎందుకూ పనికిరాదు.