కేర్ హోమ్‌లో ఉన్న నాన్నగారిని మహమ్మారి నుంచి కాపాడేదెలా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా నాన్నగారికి 81 ఏళ్లు. పక్షవాతం వచ్చాక ఇక్కడే ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య అక్కడ నలుగురికి ఫ్లూ వచ్చిందని పది రోజులు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మళ్లీ కొవిడ్ లాంటిది వస్తే ఎలా అని ఒకటే టెన్షన్. ఇలాంటి హోమ్‌లకు ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయా? ఆయన్ని ఇంటికి తెచ్చేసుకోవడం మంచిదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ భయంలో అర్థముంది. కొవిడ్ మొదటి ఏడాది చాలా దేశాల్లో ఎక్కువగా నష్టపోయింది ఇలాంటి హోమ్‌లలోని పెద్దవాళ్లే. అయితే చుట్టాలను ఆపేసి గేటు మూస్తే సరిపోతుందనుకోవడం తప్పు. రోజూ బయటి నుంచి వచ్చి వెళ్లే సిబ్బంది ద్వారా, ఆస్పత్రి నుంచి టెస్టు లేకుండా వచ్చిన రోగుల ద్వారా కూడా వైరస్ లోపలికి వస్తుంది. ఇంగ్లండ్‌లో 2020 మార్చిలో ఆస్పత్రి పడకలు ఖాళీ చేయాలని పెద్దవాళ్లను టెస్టు చేయకుండానే కేర్ హోమ్‌లకు పంపేశారు. లక్షణాలు లేనివారి నుంచీ సోకే ప్రమాదాన్ని పట్టించుకోని ఆ విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టే చెప్పింది.

మన దగ్గర 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లకు పీపీఈ కిట్లు ఇవ్వాలని, ఆశ్రమాలను శానిటైజ్ చేయాలని ఆదేశించింది. 2021 మేలో ఇంటికి దగ్గర్లోనే పెద్దవాళ్లకు టీకా వేసేలా కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఇవి మంచివే. కానీ నా దృష్టిలో అసలు లోటు వేరే చోట ఉంది. మీరు మేనేజ్‌మెంట్‌ను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: జ్వరమొచ్చిన ఆయమ్మ సెలవు పెడితే ఆ రోజు జీతం కోస్తారా? కోసేట్టయితే ఆమె ఒక పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి వచ్చేస్తుంది. మీ నాన్నగారికి అన్నం తినిపించేది, డైపర్ మార్చేది ఆమే. చాలీచాలని జీతంతో రెండు మూడు చోట్ల పనిచేసేవాళ్లూ ఉంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2020లోనే ఒక ఉద్యోగి ఒకే హోమ్‌లో పనిచేయాలని నిబంధన పెట్టి, జీతాల తేడా కూడా సర్దింది. మన ప్రభుత్వాలు తీసుకోవాల్సిన చర్య అదే.

ఇక మీ నాన్నగారి సంగతి. ఈ వయసులో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రావాలనేం లేదు. ఉన్నట్టుండి మగతగా ఉండటం, తికమకగా మాట్లాడటం, రెండు పూటలు ముద్ద ముట్టకపోవడం, మంచం దిగబోయి పడిపోవడం కూడా లక్షణాలే. ఆయనకు తెలుగు తప్ప రాకపోయి, నైట్ డ్యూటీ ఆయమ్మకు కన్నడమో హిందీయో తప్ప రాకపోతే, మాట తేడా ఎవరు పసిగడతారు? అందుకే కుటుంబాన్ని పూర్తిగా దూరం పెట్టడాన్ని నేను ఒప్పుకోను. ఇంటి నుంచి ఒక్కరే, ఒంట్లో బాగున్నప్పుడే, మాస్కుతో వచ్చేలా అనుమతి అడగండి. అదీ కుదరకపోతే రోజూ వీడియో కాల్ పెట్టించి ఆయనతోనే మాట్లాడండి. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే వెంటనే డాక్టర్‌కు చెప్పాలని సిబ్బందికి ముందే చెప్పి ఉంచండి.

ఇంటికి తేవడమా అంటే, పగలూ రాత్రీ చూసుకునే మనిషి ఉండి, ఆయన్ని పక్క మీద తిప్పడం, జాగ్రత్తగా తినిపించడం మీకు వచ్చి ఉంటేనే ఆలోచించండి. తెచ్చేదుంటే హోమ్‌లో ఎవరికీ జబ్బు లేనప్పుడే తెచ్చుకోండి. జబ్బు మొదలయ్యాక హడావిడిగా తెస్తే, అది మీ ఇంటికీ రావచ్చు. పక్షవాతం వల్ల మింగడం కష్టమైతే, ముందుగా స్పీచ్ థెరపిస్ట్‌కు (మాటతో పాటు మింగడంలో ఇబ్బందినీ చూసే నిపుణులు) చూపించండి.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. న్యుమోనియా ముప్పు తగ్గించే న్యుమోకాకల్ టీకా కూడా ఆయనకు అవసరమే, ఇంతకుముందు వేయించారో లేదో ఫైల్‌లో చూడండి. ఆయనకే కాదు, ఆయన్ని చూసుకునే సిబ్బందికీ ఫ్లూ టీకా వేయించమని హోమ్‌ను అడగండి. మేనేజ్‌మెంట్ సమాధానం చెప్పకపోతే సీనియర్ సిటిజన్ల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.