ఉలవచారు చిక్కబడాలంటే

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ చేసే ఉలవచారు నల్లగా, చిక్కగా ఉండేది. నేను కుక్కర్లో చేస్తే పల్చగా వస్తోంది. కార్న్‌ఫ్లోర్ కలపమంటున్నారు, కలపొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కార్న్‌ఫ్లోర్ జోలికి పోకండి, దాంతో చారు చిక్కబడుతుందేమో గానీ రుచి రాదు. ఆ రోజుల్లో ఉలవలు ఉడికించేది ముఖ్యంగా ఎడ్ల కోసం, గింజలు వాటికి పెట్టగా మిగిలిన కట్టు ఇంట్లోవాళ్లకి చారయ్యేది, అంటే కుండెడు ఉలవల సారమంతా ఆ కాసిని నీళ్లలోనే ఉండేదన్నమాట. మనం గుప్పెడు ఉలవలు వేసి ఆ చిక్కదనం రమ్మంటే ఎలా వస్తుందండీ! అరకిలో ఉలవలు రాళ్లు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయకుండా వాటితోనే, ఇంకొన్ని నీళ్లు చేర్చి, గింజ వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించి కట్టు వంచుకోండి. గుప్పెడు గింజలు రుబ్బి అందులో కలిపి, చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కారం వేసి, మూత పెట్టకుండా సన్నసెగ మీద సగానికి మరగనివ్వండి. గంట పట్టినా సరే, గరిటెకి పట్టేంత చిక్కబడాలి. ఉప్పు మాత్రం చివర్లోనే, ముందే వేస్తే మరిగాక నోట్లో పెట్టలేం. వెల్లుల్లి దంచి వేసి ఘాటుగా తాలింపు పెట్టండి. మిగిలిన గింజలు గుగ్గిళ్లు చేసుకోవచ్చు. హోటళ్లలో ఇప్పుడు బిర్యానీలోకి ఇస్తున్నారు గానీ, నా ఓటు వేడన్నం, మీగడకే.