గాండాల్ఫ్, మాగ్నీటో తప్ప ఇయాన్ మెక్‌కెలెన్ ఇంకేం చేశారు?

మీ ప్రశ్న ఇది: ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గాండాల్ఫ్, ‘ఎక్స్-మెన్’లో మాగ్నీటో, ఈ రెండు వేషాలకే బ్రిటిష్ వాళ్ళు నటుడు ఇయాన్ మెక్‌కెలెన్‌ను అంతగా నెత్తిన పెట్టుకోవడమెందుకు?

2018 వేసవి దాకా నేనూ ఇలాగే అడిగేవాణ్ణి. అప్పుడు ఉద్యోగం మీద లండన్‌లో ఉన్నాను. డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో ఆయన ‘కింగ్ లియర్’ వేస్తున్నారని తెలిసి, పై బాల్కనీలో అన్నిటికన్నా చవక టికెట్టు కొన్నాను. మోకాళ్ళు ముందు సీటుకు గుచ్చుకునేంత ఇరుకు. విరామంతో కలిపి మూడున్నర గంటల పైన నాటకం. షేక్‌స్పియర్ ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది. విసుగొస్తే విరామంలో జారుకుందామనే వెళ్ళాను.

మొదటి రంగంలో ముసలి రాజు ముగ్గురు కూతుళ్ళకూ రాజ్యం పంచాలి. మెక్‌కెలెన్ కత్తెర తీసుకుని దేశపటాన్ని కత్తిరించారు. అంతే. దాయాదుల పంపకాల గొడవలు వింటూ పెరిగినవాణ్ణి, ఆ కత్తెర చూడగానే ఇక ఈ ఇంటికి మంచి రోజులు లేవని తెలిసిపోయింది. తుఫాను రంగంలో వేదిక మీద నిజంగానే వాన కురిపించారు. ఆయనకు అప్పుడు 79 ఏళ్ళు. తల నుంచి నీళ్ళు కారుతుండగా గొంతు తగ్గించి మాట్లాడుతుంటే పై బాల్కనీలో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఈ మనిషి రేపు సాయంత్రం మళ్ళీ తడవాలి కదా అనే ఆలోచన చాలాసేపు నన్ను వదల్లేదు. విరామంలో జారుకోలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి నుంచే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. 1939లో ఇంగ్లండ్ ఉత్తరాన బర్న్‌లీలో పుట్టి, విగన్‌లో, తర్వాత బోల్టన్‌లో పెరిగారు. తండ్రి సివిల్ ఇంజనీరు. ఆయనకు పన్నెండేళ్ళప్పుడే తల్లి పోయింది. కేంబ్రిడ్జ్ ప్రవేశానికి ఇంటర్వ్యూకు వెళ్ళి, అక్కడి కుర్చీ ఎక్కి షేక్‌స్పియర్ ‘హెన్రీ ది ఫిఫ్త్’లో యుద్ధ ప్రసంగం అప్పజెప్పారట. సీటు వచ్చింది. విశేషమేమిటంటే ఆయన ఏ నటన పాఠశాలలోనూ చదువుకోలేదు. 1961లో కోవెంట్రీలోని బెల్‌గ్రేడ్ థియేటర్లో జీతానికి చేరి, తర్వాత ఇప్స్‌విచ్, నాటింగ్‌హామ్ ఊళ్ళలో వరసగా వేషాలు వేసి నేర్చుకున్నారు. ఒక నాటకం ఆడుతూనే పగలు తర్వాతి నాటకం రిహార్సల్ చేసే పద్ధతి అది. మన సురభి వాళ్ళ గురించి విన్నవారికి ఈ బతుకు కొత్తగా అనిపించదు.

1969లో ఒకే కాలంలో రెండు నాటకాల్లో ఇంగ్లండ్ రాజులు రెండవ రిచర్డ్‌గా, రెండవ ఎడ్వర్డ్‌గా వేసి ఎడిన్‌బరో ఉత్సవంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. అలాంటి స్థితిలో ఎవరైనా సినిమాల వైపు చూస్తారు. ఈయన 1972లో తోటి నటుడు ఎడ్వర్డ్ పెథర్‌బ్రిడ్జ్‌తోనూ మరికొందరితోనూ కలిసి యాక్టర్స్ కంపెనీ అనే సమాజం పెట్టారు. అందరికీ ఒకే జీతం. ఒక నాటకంలో నాయకుడు మరో నాటకంలో రెండు ముక్కలు మాట్లాడి పోవాలి. మెక్‌కెలెన్ అలా పనికుర్రాడి వేషం కూడా వేశారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మా మేనమామ ఊళ్ళలో పద్యనాటకాలు వేసేవాడు. హరిశ్చంద్రుడి వేషం తనకు దక్కలేదని రెండేళ్ళు సమాజంలో ఎవరితోనూ మాట్లాడలేదు. నటుల అహం ఎలా ఉంటుందో దగ్గరనుంచి చూశాను కాబట్టే పనికుర్రాడి వేషం విలువ నాకు తెలుసు.

1976లో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ది అదర్ ప్లేస్ అనే చిన్న రేకుల షెడ్డులో ట్రెవర్ నన్ దర్శకత్వంలో నటి జూడీ డెంచ్‌తో కలిసి ‘మాక్‌బెత్’ వేశారు. దాన్ని తర్వాత టీవీ కోసం చిత్రీకరించారు కాబట్టి మనకూ చూసే వీలుంది. మీరు ఒక్కటే చూడగలిగితే అదే చూడండి. అట్టహాసం ఏమీ ఉండదు, చీకటీ ముఖాలూ తప్ప. న్యూయార్క్‌లో ‘అమెడియస్’ నాటకంలో, మొజార్ట్ మీద అసూయపడే సంగీతకారుడు సాలియేరీ పాత్రకు 1981లో అమెరికా రంగస్థల పురస్కారమైన టోనీ వచ్చింది. ఆస్కార్‌కు రెండుసార్లు నామినేట్ అయ్యారు, ఒక్కసారీ రాలేదు. అందులో ఒకటి గాండాల్ఫ్‌కే.

మరో సంగతి. స్వలింగ సంపర్కం గురించి సానుకూలంగా ప్రచారం చేయరాదని స్థానిక సంస్థలను కట్టడి చేసే సెక్షన్ 28 చట్టం రాబోతున్నప్పుడు, 1988లో బీబీసీ రేడియోలో చర్చ మధ్యలో తానూ స్వలింగ సంపర్కుణ్ణేనని చెప్పేశారు. అప్పటికి 48 ఏళ్ళు. మరుసటి సంవత్సరం స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పెట్టిన స్టోన్‌వాల్ సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఆ తర్వాత తన నటన మెరుగుపడిందని ఆయనే చాలాసార్లు చెప్పారు. సినిమాల్లో పెద్ద పేరు వచ్చింది కూడా ఆ తర్వాతే.

ఇక మీ గాండాల్ఫ్. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు ముందుకథ అయిన ‘హాబిట్’ సినిమాల చిత్రీకరణలో మరుగుజ్జుల వేషాలు వేసిన నటులు పక్కన లేకుండా, వాళ్ళ ఫొటోలు పెట్టిన స్టాండ్లతో ఒంటరిగా మాట్లాడవలసి వచ్చి ఏడ్చేశానని ఆయనే చెప్పుకున్నారు. డబ్బూ పేరూ తెచ్చిన వేషమే, కానీ ఎదుట మనిషి లేడు. రంగస్థల నటుడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? 2024 జూన్‌లో, 85 ఏళ్ళ వయసులో, షేక్‌స్పియర్ సృష్టించిన లావుపాటి హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్‌గా వేస్తూ పోరాట దృశ్యంలో వేదిక మీద నుంచి కింద పడ్డారు. లావుగా కనిపించడానికి లోపల తొడిగిన మెత్తల దుస్తులే కాపాడాయన్నారు.

2019లో ఎనభయ్యో ఏడు వచ్చిందని ఎనభై వేదికల మీద ఏకపాత్ర ప్రదర్శన ఇస్తూ బ్రిటన్ అంతా తిరిగారు. వచ్చిన డబ్బు రంగస్థల సంస్థలకే. మొదటి సగంలో గాండాల్ఫ్ ఉండేవాడు. రెండో సగంలో ప్రేక్షకులు షేక్‌స్పియర్ నాటకాల పేర్లు అరుస్తుంటే, ఒక్కొక్క దాని మీద ఒక జ్ఞాపకమో నాలుగు పంక్తులో వినిపించేవారు. తర్వాత అది లండన్‌కు వచ్చినప్పుడు చూశాను. ఆట అయ్యాక బయటికి వచ్చే దారిలో చేతిలో బకెట్టుతో ఆయనే నిలబడి చందాలు పోగు చేస్తున్నారు. వరసలో నిలబడి ఇంగ్లీషులో ఒక మంచి వాక్యం తయారు చేసుకున్నాను. దగ్గరికి వెళ్ళేసరికి నోరు పెగలలేదు. ఐదు పౌండ్ల నోటు బకెట్లో వేసి, తల ఊపి వచ్చేశాను.