ఎమ్మెస్సీ ఉన్నా మళ్లీ డిగ్రీ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసింది. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వెళ్లింది. హెచ్4 ఈఏడీ (భర్త వీసా మీద వెళ్లినవాళ్లకు ఉద్యోగ అనుమతి) వచ్చింది. అక్కడ ఆసుపత్రి ల్యాబ్‌లో సైంటిస్టుగా చేరాలంటే మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ చదవాలని ఎవరో చెప్పారట. నిజమేనా?

జవాబు: డిగ్రీ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని సాధారణంగా రాదండీ. మన మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే ఉంటే అక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదని పేచీ పెట్టొచ్చు. పైన ఎమ్మెస్సీ ఉండటం మీ అమ్మాయికి కలిసొచ్చింది. ముందుగా, అక్కడ గుర్తింపు ఉన్న ఏజెన్సీతో మార్కుల జాబితాలను ఒక్కో పేపర్ వారీగా మదింపు చేయించాలి.

అసలు చిక్కు చదివిన పేపర్ల దగ్గర వస్తుంది. టెక్సాస్ లాంటి చోట ల్యాబ్ సిబ్బందికి రాష్ట్ర లైసెన్స్ లేదు. కాలిఫోర్నియాలో మాత్రం క్లినికల్ ల్యాబరేటరీ సైంటిస్ట్, అంటే సీఎల్ఎస్ లైసెన్స్ లేనిదే ఆ ఉద్యోగం ఇవ్వరు. లైసెన్స్ ఇచ్చేవాళ్లు డిగ్రీ పేరు కన్నా అందులో ఏం చదివారన్నదే చూస్తారు. కెమిస్ట్రీ 16 సెమిస్టర్ యూనిట్లు (మన క్రెడిట్ల లాంటి లెక్క), బయాలజీ 18 ఉండాలి. వాటిలో బయోకెమిస్ట్రీ, హెమటాలజీ (రక్తం గురించిన చదువు), ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి గురించినది), మెడికల్ మైక్రోబయాలజీ విడిగా కనిపించాలి. ఇవి కాక కాంతి, విద్యుత్తు పాఠాలున్న ఫిజిక్స్ 3 యూనిట్లు.

మనవాళ్లు బోల్తా పడేది ఈ ఫిజిక్స్ దగ్గరే. మీ అమ్మాయి బీఎస్సీ గ్రూపులో ఫిజిక్స్ లేదు కదా. ఇంటర్ బైపీసీలో చదివింది అంటారేమో, అది అక్కడ హైస్కూల్ చదువు కిందికే వస్తుంది. హెమటాలజీ కూడా మన ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో విడి పేపర్‌గా ఉండటం తక్కువ. తేలిన లోటు వరకే కోర్సులు కట్టుకుంటే చాలు. ఫిజిక్స్ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో అయిపోతుంది. నాలుగేళ్లు చదవమన్న పెద్దమనిషి బహుశా ఈ లోటునే కొండంత చేసి చెప్పి ఉంటారు.

అవి పూర్తయ్యాక ట్రైనీ లైసెన్స్ తీసుకుని, ఆమోదం ఉన్న ల్యాబ్‌లో ఏడాది ట్రైనింగ్ చేయాలి. నా లెక్కలో అన్నిటికన్నా గట్టి మెట్టు ఇదే. సీట్లు కొన్నే, పోటీ ఎక్కువ. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఈ ట్రైనింగ్ ఉంది, కానీ మొదటిసారే సీటు వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఆ తర్వాత ఏఎస్‌సీపీ (అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీ) వాళ్ల ఎంఎల్ఎస్ (మెడికల్ ల్యాబరేటరీ సైంటిస్ట్) పరీక్ష రాస్తే దారి పడినట్టే. అన్ని విభాగాలూ వద్దనుకుంటే, మైక్రోబయాలజీ వరకే పరిమితమైన లైసెన్స్ కూడా ఉంది. అమ్మాయి ఎమ్మెస్సీకి అది బాగా నప్పుతుంది, ఒకసారి ఆలోచించమనండి. రక్తం తీసే ఫ్లెబాటమిస్ట్ పని వేరే సర్టిఫికెట్, దాన్ని దీనికి తొలి మెట్టు అనుకోవద్దు.

ఇక మీ వంతు పని ఒకటుంది. కాలేజీకి, యూనివర్సిటీకి వెళ్లి ట్రాన్స్‌క్రిప్టులకు (అధికారిక మార్కుల పత్రాలకు) దరఖాస్తు పెట్టండి. సీల్ వేసిన కవర్‌లో నేరుగా తమకే పంపమని ఏజెన్సీవాళ్లు అడగవచ్చు, ఆ సంగతి ముందే కనుక్కోండి. ఆమె చదివిన ఏళ్ల సిలబస్ కాపీ కూడా ముద్ర వేయించి తీసుకోండి. "ఇమ్యునాలజీ ఏ పేపర్లో ఉంది?" అని అక్కడివాళ్లు అడిగితే చూపించడానికి అదే ఆధారం. ఆఫీసులో రేపు రండి, ఎల్లుండి రండి అంటారు. టెన్షన్ పడకుండా ఈ వారమే మొదలుపెట్టండి.