గుమ్మడి నర్సయ్య గారు వరసగా ఐదుసార్లు గెలిచారా?

ప్రశ్న: సార్, ఇల్లందు మాజీ ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య గారు వరసగా ఐదుసార్లు గెలిచారని మా ఊళ్లో అంటారు. రికార్డుల్లో చూస్తే ఇండిపెండెంట్ అని ఉంది. ఆయన పార్టీ మనిషి కదా, ఏది కరెక్టు?

జవాబు: ఐదుసార్లు గెలిచింది నిజమేనండీ, వరసగా మాత్రం కాదు. 1983, 85, 89 వరసపెట్టి గెలిచారు, 94లో ఓడిపోయారు, మళ్లీ 99, 2004 గెలిచి 2009లో ఓడారు.

ఆ ఎలక్షన్లు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 83 అంటే ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే రాష్ట్రం మొత్తం ఊపేసిన ఎలక్షన్, 85లోనూ ఆయన హవానే, 89కి వచ్చేసరికి గాలి కాంగ్రెస్ వైపు తిరిగి చెన్నారెడ్డి గారు సీఎం అయ్యారు, ఈ మూడిట్లోనూ ఇల్లందు జనం మాత్రం నర్సయ్య గారినే గెలిపించుకున్నారు. 94లో టీడీపీ, కమ్యూనిస్టులు పొత్తు పెట్టుకున్నారు, సీపీఐ నుంచి ఊకే అబ్బయ్య గారు గెలిచారు. 2009లో మహాకూటమి, అంటే టీడీపీ, టీఆర్ఎస్, కమ్యూనిస్టుల పొత్తు, అప్పుడూ అబ్బయ్య గారే, కాకపోతే టీడీపీ టికెట్ మీద. అంటే రెండుసార్లూ ఓడించింది ఒక్కరే, రెండుసార్లూ ఆయన వెనక పొత్తు బలం ఉంది.

నన్నడిగితే అన్నిటికంటే గొప్ప గెలుపు 99దే. ఓడిపోయి ఐదేళ్లు పదవి లేదు, వెనక సర్కారు లేదు, డబ్బున్న పార్టీ అంతకన్నా లేదు, అయినా పోడు భూములు (అడవి కొట్టి సాగు చేసుకునేవి), తునికాకు (బీడీ ఆకు) రేటు అంటూ గూడేల్లోనే ఉండి, బస్సుల్లో, సైకిల్ మీద తిరిగే మనిషిని జనం మళ్లీ అసెంబ్లీకి పంపారు. ఓడిన తర్వాత అదే సీట్లో, డబ్బు పంచకుండా మళ్లీ గెలవడం ఎంత కష్టమో ఎలక్షన్లు దగ్గర్నుంచి చూసినవాళ్లని అడగండి, చెప్తారు.

ఇక ఇండిపెండెంట్ సంగతి. ఆయన చాలా ఏళ్లు సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ అనే కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా ఉన్నారని అందరికీ తెలిసిందే. కానీ ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టర్ అయిన పార్టీ తరఫున నామినేషన్ వేయకపోతే, వెనక ఎంతమంది కార్యకర్తలున్నా రికార్డులో ఇండిపెండెంట్ అనే రాస్తారు.

ప్రశ్న: ఇల్లందు ఎస్టీ సీటు కదా, మిగతావాళ్లకి అక్కడ ఓటు ఉంటుందా?

జవాబు: ఎందుకుండదండీ, ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. పోటీ చేసే మనిషి మాత్రమే ఎస్టీ అయ్యుండాలి. బొగ్గు గని కార్మికులు, వ్యాపారులు, రైతులు, ఆదివాసీలు, లంబాడీలు అందరూ వేస్తేనే ఎవరైనా గెలిచేది. ఇంకోటి, ఈ నియోజకవర్గం ఇప్పుడు మూడు జిల్లాల్లో ఉంది: ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, కామేపల్లి, కారేపల్లి ఖమ్మంలో, బయ్యారం, గార్ల మహబూబాబాద్‌లో. 2016కి ముందు అంతా ఖమ్మం జిల్లానే, అందుకని పాత ఫలితాలు వెతికేటప్పుడు ఖమ్మం కింద చూడండి, దొరుకుతాయి.