రెండు ఉద్యోగాల మధ్య ఒక బొంత

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నా మనసులోనే తిరిగింది. "ఉద్యోగం మానేసి, కొత్తదాంట్లో చేరేలోపు ఖాళీగా ఉన్నదాన్ని, ఇప్పుడు బొంతలు కుట్టుకోవడానికి స్నేహితులతో ఊరెళ్తానంటే బాగుంటుందా పెద్దమ్మా?" అన్నావు. బాగుంటుంది. తప్పకుండా వెళ్ళు. ఎలా వెళ్తే బాగుంటుందో చెప్పాలనే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను.

2009లో నా ఉద్యోగం పోయింది. నెలన్నర పాటు పొద్దున లేచింది మొదలు లాప్‌టాప్ ముందే కూర్చున్నాను. అప్లికేషన్లు పంపడం రోజుకి రెండు గంటల పని, మిగిలిన పది గంటలూ టెన్షనే. మీ పెదనాన్న ఏం మాట్లాడినా విసుక్కునేదాన్ని. అప్పుడు నాకు క్విల్టింగ్, అదే ఇక్కడి తరహా బొంతలు కుట్టడం, నేర్పిన స్నేహితురాలు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో మూడు రాత్రులకి ఒక ఇల్లు తీసుకుని, నన్ను కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. నలుగురం. అక్కడ ఉద్యోగం గురించి మాట్లాడుకున్నది మహా అయితే ఒక గంట. కానీ నెలన్నరగా ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆ గంటలో చెప్పేశాను. కళ్ళు గుడ్డ మీద, చేతులు సూది మీద ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు కదా, నోరు తేలిగ్గా విడుతుంది. మీ అమ్మమ్మ వసారాలో చాప మీద పాత చీరలు పరిచి బొంత కుడుతుంటే పక్కింటి అత్తయ్యలు వచ్చి చెరోవైపు కూర్చుని ఇంటి సంగతులన్నీ ఎందుకు చెప్పుకునేవాళ్ళో నాకు ఆ రోజు అర్థమైంది.

ముందు కాగితాల సంగతి చూసుకో. నువ్వు ఇంకా హెచ్1బీ వర్క్ వీసా మీదే ఉన్నావు కాబట్టి, పాత కంపెనీలో ఆఖరి రోజు నుంచి నీకున్నది గరిష్ఠంగా 60 రోజులు. ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఈలోపే కొత్త కంపెనీ నీ తరఫున పిటిషన్ దాఖలు చెయ్యాలి. ఆ రసీదు నీ చేతికొచ్చాకే ఇల్లు బుక్ చెయ్యి. లేకపోతే అక్కడ కుడుతూ కూడా నిమిషానికోసారి ఈమెయిల్ చూసుకుంటావు, కుట్టూ కుదరదు, విశ్రాంతీ ఉండదు. రెండోది ఇన్సూరెన్స్. పాతది ఆగిపోయి కొత్తది మొదలయ్యేలోపు ఖాళీ వస్తుందేమో రెండు చోట్లా అడుగు. కోబ్రా, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే నీ డబ్బుతో కొనసాగించుకోవడం, తీసుకోవాలా వద్దా అని చెప్పడానికి 60 రోజుల గడువు ఇస్తారు. ఈలోపు ఏదైనా అవసరం పడితే అప్పుడు తీసుకుని పాతది ఆగిన రోజు నుంచి ప్రీమియం కట్టినా, ఆ రోజు నుంచే వర్తిస్తుంది. ఇది నీకెందుకు చెబుతున్నానంటే, గుడ్డ కోసే రోటరీ కట్టర్ అంటే పిజ్జా కోసే చక్రంలా ఉండే బ్లేడు. మాతో వచ్చిన ఒకామెకి కబుర్లలో పడి బొటనవేలు కోసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. ఆవిడ కూడా అప్పుడు నీలాగే రెండు ఉద్యోగాల మధ్య ఉంది. కోసిన ప్రతిసారీ బ్లేడు మూత వేసెయ్యి. ఒక్కసారి కిందపెట్టినా సరే, మూత వేసే పెట్టు.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఈ ఖాళీలో రెండో వారంలో. మొదటి వారం నువ్వు నిద్రపోతావు, పోవాలి కూడా. ఆఖరి వారంలో మనసు అప్పటికే కొత్త ఆఫీసులో ఉంటుంది. కొత్త లాప్‌టాప్ వచ్చిందా, మేనేజర్ ఎలాంటివాడో, ఇవే ఆలోచనలు. చాలామంది చేరే ముందు శని, ఆదివారాలకి ట్రిప్పు పెట్టుకుంటారు. దాని వల్ల అలసట తప్ప ఏమీ మిగలదు. సోమవారం వెళ్ళి గురువారం వచ్చేయండి. ఇల్లు అద్దెకి చవగ్గా దొరుకుతుంది, లాంకాస్టర్ అయితే ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఆమిష్ వాళ్ళు, అంటే పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవులు, దుకాణాలు ఆదివారం తెరవరు.

నా సలహా లాంకాస్టరే. మీ న్యూజెర్సీ నుంచి రెండు, రెండున్నర గంటల ప్రయాణం. పొలాల మధ్య రోడ్లు, గుర్రపు బళ్ళు వెళ్తుంటాయి, మలుపుల దగ్గర నెమ్మదిగా నడపండి. మనుషులకి ఫోటోలు తియ్యకండి, వాళ్ళకి ఇష్టం ఉండదు. బట్టల దుకాణాల్లో ఒక పూట గడపండి కానీ, దానికంటే ముందు పాత ఆమిష్ క్విల్టులు ఎక్కడైనా ప్రదర్శనలో ఉంటే చూడండి. పూల గుడ్డ ఒక్కటి కూడా ఉండదు. ముదురు రంగుల ఉన్ని బట్ట, మధ్యలో ఒక పెద్ద వజ్రం ఆకారం, లేదంటే నిలువు పట్టీలు, అంతే. గుమ్మం దగ్గర నుంచి చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి పక్కనుంచి చూడు. ఆ సాదా బట్ట నిండా సన్నటి చేతి కుట్టు. ఈకలు, తీగలు, గుండ్రటి దండలు. నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడే అరగంట నిలబడిపోయాను. ఇళ్ళలోకి కరెంటు లైను రానివ్వరు కాబట్టి కాలితో తొక్కే మెషీన్లు ఇప్పటికీ వాడతారు. అమ్మమ్మ మెషీన్ చప్పుడు నీకు గుర్తుందో లేదో కానీ, అదే చప్పుడు.

ఎవరితో వెళ్ళాలన్న విషయంలో గట్టిగా ఒక మాట. నలుగురికి మించొద్దు. అయిదో మనిషి వస్తే రెండు జట్లవుతాయి. అందరికీ కుట్టు రానక్కర్లేదు. ఒకరు ముక్కలు కోస్తారు, ఒకరు ఇస్త్రీ చేస్తారు. కానీ నీ పాత ఆఫీసు వాళ్ళని ఈసారికి పిలవకు. మంచివాళ్ళే, నాకు తెలుసు. అయినా వాళ్ళుంటే మూడు రోజులూ ఆ ఆఫీసు కబుర్లే అవుతాయి. నువ్వు అక్కడి నుంచి బయటికి వచ్చింది అందుకు కాదు.

ఇక ఏం కుట్టాలి. నీకిది మొదటిది కాబట్టి నైన్ ప్యాచ్. రెండు రంగులు, మూడు వరసల్లో తొమ్మిది చదరాలు, చదరంగం బల్ల గళ్ళలా ఒకటి విడిచి ఒకటి. ఆ తొమ్మిదీ కలిస్తే ఒక బ్లాకు. అలాంటివి 20 చేసి నాలుగు చొప్పున అయిదు వరసలు కలిపితే 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు వస్తుంది. ఒళ్ళో కప్పుకోవడానికి సరిపోతుంది. మంచానికి సరిపోయేది కుడతానని మాత్రం మొదలుపెట్టకు. పెద్దది సగంలో ఆగి అలమరలో పడి ఉంటుంది, చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

చదరాలు విడివిడిగా కొయ్యకు. మూడున్నర అంగుళాల పట్టీలు కోసి, మూడేసి కలిపి కుట్టి, ఆ తర్వాత అడ్డంగా మళ్ళీ మూడున్నర అంగుళాలకి కొయ్యి. ఇక్కడ దుకాణంలో దొరికే కాటన్‌లో వాడుకకి వచ్చే వెడల్పు 40 అంగుళాలు అనుకుంటే, ముదురు రంగువి 10 పట్టీలు, లేతవి 8 పట్టీలు చాలు. ఇది ఇంట్లోనే కోసి, కవర్లలో పెట్టి తీసుకెళ్ళు. అక్కడికెళ్ళాక కోద్దామనుకుంటే మొదటి రోజంతా కోతకే పోతుంది. కుట్టు అంచు నుంచి పావు అంగుళం. మొదటి మూడు పట్టీలు కుట్టాక ఇస్త్రీ చేసి మధ్య పట్టీని స్కేలుతో కొలువు. సరిగ్గా మూడు అంగుళాలు రావాలి. దారప్పోగంత తేడా ఉన్నా అక్కడే విప్పి సరిచెయ్యి, అడ్డంగా 12 చదరాలు కలిసేసరికి ఆ పోగే పెరిగి కంటికి కనపడేంత తేడా అవుతుంది. ఇస్త్రీ కూడా చీర చేసినట్టు పెట్టెని రాస్తూ చెయ్యకు. ఎత్తి, పెట్టి, మళ్ళీ ఎత్తు. రాస్తే ముక్క సాగుతుంది.

అమ్మమ్మ నేత చీరలు వాడొచ్చా అని అడిగావు. వాడు. అవి బీరువాలో ఉంటే మడతల దగ్గర చివికిపోతాయి, అంతకంటే బొంతలో ఉండటమే మేలు. కానీ వెలుతురుకి ఎత్తి పట్టి చూడు, పల్చబడిన చోటు వదిలెయ్యి. చీర గుడ్డ ఇక్కడి కాటన్ కంటే పల్చన. రెండూ కలిపి కుడితే ముడతలు పడుతుంది, అందుకని ఇస్త్రీతో అంటుకునే పల్చటి ఇంటర్‌ఫేసింగ్ అనే గుడ్డ వెనక వేసుకుని అప్పుడు పట్టీలు కొయ్యి. అన్నిటికంటే ముందు ఉతుకు, ఒక్కసారి కాదు, నీళ్ళు తేటగా వచ్చేదాకా. నేను అమ్మ ఎర్ర చీర, అంచు మీద చిన్న చిన్న రుద్రాక్షలుండేది, ఉతక్కుండా తెల్ల గుడ్డతో కలిపి కుట్టేశాను. కుట్టడమంతా అయ్యాక మొదటి ఉతుకులోనే రంగు దిగి తెల్లవన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. అప్పటికి అమ్మ పోయి ఏడాది. ఆ చీర ఇంకొకటి లేదు. ఆ రోజు బాత్రూమ్‌లో టబ్బు అంచు మీద కూర్చుని ఎంత ఏడ్చానో మీ పెదనాన్నకి తెలుసు. నీకు ఆ బాధ రాకూడదు.

మంచి గుడ్డ కొనడానికి ఇప్పుడు జీతం లేదు అంటావేమో. అలబామాలో నది వంపులో జీస్ బెండ్ అని చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి కట్టి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో కుట్టుకున్న క్విల్టులు 2002లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో వాటి మీద తపాలా బిళ్ళలు కూడా వేశారు. చలికి ఇంట్లో పిల్లలకి కప్పడానికి కుట్టుకున్నవి అవి. మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగు కూడా ఆ గుడ్డల్లో అలాగే కనిపిస్తుంది. నీ దగ్గరున్న చీరలు, అల్లుడి పాత కాటన్ చొక్కాలు చాలు.

ఇల్లు తీసుకునేటప్పుడు ఒక పెద్ద బల్ల, మంచి వెలుతురు ఉన్నాయో లేదో అడుగు. కరెంటు విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా. ఇక్కడ ఇళ్ళలో మామూలు లైను 15 ఆంపులు, అంటే 1800 వాట్లు. ఒక్క ఇస్త్రీ పెట్టే 1500 దాకా లాగేస్తుంది. రెండోది అదే లైను మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది, మీ మెషీన్లన్నీ ఆగిపోతాయి. ఇస్త్రీ బల్ల వేరే గదిలో పెట్టుకోండి. మాటిమాటికీ లేచి నడవడం నడుముకీ మంచిదే. మెషీన్‌కి కొత్త సూదులు, నింపిన బాబిన్లు ఆరేడు, నీ కాలి పెడల్ మర్చిపోకు. పెడల్ ఇంట్లో వదిలి వచ్చినవాళ్ళని ఇద్దర్ని చూశాను.

తిండికి కుట్టు బల్ల మీద చోటివ్వొద్దు. మన కూరల్లో పసుపు తెల్ల గుడ్డ మీద పడితే పోదు. మొదటి పూటకి పులిహోర కలిపి తీసుకెళ్ళు, గోంగూర పచ్చడి నేనిస్తాను. మిగతా రోజులు ఒక్కో సాయంత్రం ఒక్కొక్కరు వండండి. వేపుళ్ళు మాత్రం వద్దు, ఆ వాసన గుడ్డకి పట్టుకుంటుంది.

నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. ముక్కలు కలపడం ఇంట్లో ఒక్కదానివే చెయ్యగలవు. పొరలు పరవడం ఒక్కదాని వల్ల కాదు. అందుకే బుధవారానికల్లా పైపొర పూర్తి కాకపోయినా, ఎవరిది పూర్తయితే వాళ్ళది అందరూ కలిసి పరవండి. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే నీకు 44కి 53. దాన్ని బల్ల మీద లాగి టేపు వేసి, దాని మీద పల్చటి దూది పొర, పైన నీ పైపొర. నలుగురూ నాలుగు వైపులా నిలబడి అరచేతులతో మధ్య నుంచి అంచులకి నిమరాలి. ముడతల్లేవని చూసుకున్నాక పిడికిలి దూరానికొక పిన్ను. అమ్మమ్మ కూడా బొంతకి ఈ పనికే పక్కవాళ్ళని కేకేసేది. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మధ్యలో నాన్నగారి చిరిగిన పంచెలు సర్ది, "అటు కాస్త లాగమ్మా" అనేది. లాగిన వాళ్ళు ఆ తర్వాత కాఫీ తాగి గంట కూర్చునేవాళ్ళు. మీ పిన్నులు గుచ్చడం అయ్యాక కూడా వెంటనే సర్దుకోకండి. కాసేపు కూర్చోండి.

ఫోన్ రోజుకి రెండుసార్లు చాలు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి అల్లుడితో ఒకసారి. మీ అమ్మ కంగారు పడుతుంది, దానికి నేను చెప్పుకుంటాను.

అంచు పట్టీ, అదే బైండింగ్, అక్కడ కుట్టకు. మెషీన్ మీద ఒకవైపు వేసేసి, రెండోవైపు చేత్తో కుట్టేది ఉంచుకో. కొత్త ఉద్యోగంలో మొదటి పది రోజులూ ఎవరి పేర్లూ గుర్తుండవు, తెలిసిన పని కూడా తెలియనట్టు ఉంటుంది. ఇంటికొచ్చి స్నానం చేసి సోఫాలో కూర్చుని రోజుకి అరగంట ఆ అంచు కుట్టుకో. ఒక వైపు ఒక వారం.

నా పెద్ద కటింగ్ మ్యాట్, 24 అంగుళాల స్కేలు హాల్లో తలుపు వెనక పెట్టాను. మ్యాట్ ఎండలో కారులో ఉంచకు, వంకర తిరుగుతుంది. శనివారం వచ్చి తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఆ చీరలు కూడా తే. ఏది ఉతకాలో, ఏది వదిలెయ్యాలో కలిసి చూద్దాం.

నీ
పెద్దమ్మ