పద్దెనిమిదేళ్లు ఆగిన మనిషిని ఇంకో మూడేళ్లు ఆగమంటారా?

శ్రీకాకుళం జిల్లా నుంచి రాసిన తమ్ముడికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పంతొమ్మిదో ఏట ఆర్మీలో చేరి, 24 ఏళ్లు చేసి, హవల్దారుగా నిరుడు ఇంటికొచ్చారు. ఇంటర్‌తో ఆగిన చదువు పూర్తి చెయ్యాలని, విశాఖపట్నంలో గది తీసుకుని మూడేళ్లు కాలేజీకెళ్లి డిగ్రీ చదవాలని మీ కోరిక. గదికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఆ సంగతి చెప్పినప్పటి నుంచి, అంటే పది రోజులుగా, మీ ఆవిడ మాట్లాడటం లేదు, కంచంలో అన్నం పెట్టి అవతలికి వెళ్లిపోతోంది. మీరు అడిగినవి రెండు: ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మీకు వస్తుందా, "చదువు విలువ తెలియని" భార్యని ఎలా ఒప్పించాలి.

మొదటిదానికి జవాబు, రాదు. అది మాజీ సైనికుల పిల్లలకీ, వాళ్ల వితంతువులకీ ఇచ్చేది. మీ అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది అన్నారు కదా, ఆ పిల్ల 60 శాతం దాటి బీటెక్కో నర్సింగో చేరితే నెలకి 3,000 రూపాయలు వస్తాయి, కోర్సు మొదటి ఏడాదిలోనే అప్లై చెయ్యాలి, దేశం మొత్తం మీద ఏటా 5,500 మందికే ఇస్తారు కాబట్టి మార్కులు బాగా రావాలి. హవల్దారు ర్యాంకు వరకు ఇద్దరు పిల్లలకి, ఒక్కొక్కరికి నెలకి రెండు వేల రూపాయల విద్యా గ్రాంటు కూడా ఉంది, ఎనిమిది చదివే బాబు కోసం దాని సంగతి కనుక్కోండి.

ఇక రెండోది. నాకు కోపం వచ్చింది అక్కడే.

మీ ఉత్తరంలోనే ఓ మూల రాశారు, పెళ్లినాటికి ఆవిడ బీఎస్సీ రెండో ఏడాది అని, పాప కడుపున పడ్డాక మానేసిందని. ఆ వాక్యం రాసి దాటేశారు. డిగ్రీ మధ్యలో వదిలేసి పద్దెనిమిదేళ్లుగా మీ అమ్మానాన్నల మందులూ, పిల్లల ఫీజులూ, పొలం కౌలూ ఒంటి చేత్తో చూసుకున్న మనిషికి చదువు విలువ తెలియదా! మీకంటే ఎక్కువ తెలుసు తమ్ముడూ, పోగొట్టుకుంది కాబట్టి.

ఆవిడ మౌనం మీ చదువు మీద కాదు. అడ్వాన్సు ఇచ్చాక చెప్పారు చూడండి, దాని మీద. పోస్టింగ్ ఎక్కడన్నది పైవాళ్లు నిర్ణయించారు, వెళ్లారు, ఆవిడా ఏమీ అనలేదు, అది ఉద్యోగం. ఈసారి మిమ్మల్ని ఎవరూ పంపలేదు. మీరే వెళ్తానంటున్నారు.

మా పెదనాన్న కూడా మిలిటరీలో చేసి వచ్చారు. పొద్దున్నే దుప్పటి నాలుగు మూలలూ కలిసేలా మడత పెట్టేదాకా పెద్దమ్మని గదిలోంచి కదలనిచ్చేవారు కాదు, అంగుళం తేడా వస్తే విప్పి మళ్లీ మడవమనేవారు. ఆవిడ ఒకసారి మా అమ్మతో, "సెలవు మీద వచ్చినప్పుడే బాగుండేది" అనడం నా చెవులారా విన్నాను. పెదనాన్న చెడ్డవారేం కాదు. ఆయన లేకుండా ఆ ఇల్లు ఎలా నడిచిందో ఆయన ఎప్పుడూ అడగలేదు, అంతే. మీరు రాసిన దానిలోనూ నాకు అదే కనిపించింది. మీ ట్రంకు పెట్టె ఏడాదైనా వరండాలోనే ఉందని, దాన్ని లోపల పెట్టనివ్వడం లేదని ఫిర్యాదు చేశారు. ఎక్కడ పెట్టాలని ఆవిడని ఒకసారి అడిగి ఉంటే?

అమెరికాలో అయితే సైనికుడి చదువు ప్రభుత్వమే చూసుకుంటుందని మీ స్నేహితుడు చెప్పాడట. నిజమే, అక్కడ 1944 నుంచీ అలాంటి చట్టం ఉంది, ఇప్పటి పథకంలో 36 నెలల ఫీజూ, ఇంటి ఖర్చుకి భత్యమూ ఇస్తారు. మన జవానుకి ఆ స్థాయి సాయం లేకపోవడం నాకూ బాధే, ఉండాలనే నా అభిప్రాయం. కానీ మీ స్నేహితుడు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ సర్వీసు ఏళ్లు సరిపోతే ఆ సాయాన్ని భార్య పేరు మీదకి మార్చొచ్చు.

మీరు చదవొద్దని అనడం లేదు. నలభై మూడేళ్లకి చదువుకోవాలనుకునే మగవాడంటే నాకు గౌరవం. అయితే ఉద్యోగం కోసమే అయితే ఈ తొందర అక్కర్లేదు. పది పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లకి ఆర్మీ ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ కేంద్రంలో చాలా గ్రూప్ సి ఉద్యోగాలకి డిగ్రీ కింద చెల్లుతుంది, వయసులోంచి సర్వీసూ, పైన మరో మూడేళ్లూ తీసేసి చూస్తారు. మనసులో కోరిక కోసమైతే ఇగ్నో అనే దూరవిద్యా విశ్వవిద్యాలయంలో ఇంటి నుంచే చదవండి, మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు ఎప్పుడైనా పూర్తి చెయ్యొచ్చు, ఫీజు మీ పెన్షన్‌కి భారం కాదు.

ముందు ఆ గది వదిలేసుకోండి, అడ్వాన్సు పోతే పోనీ. తర్వాత ఆవిడ దగ్గర కూర్చుని, "నిన్ను అడక్కుండా చేశాను, తప్పే" అనండి. ఆ మాట అంటే మీ పరువేం పోదు. ఆగిపోయిన బీఎస్సీ సంగతి కూడా అడగండి. ఆవిడకి మళ్లీ చదవాలని ఉందో లేదో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఉంటే ఇద్దరూ చేరండి. వద్దంటే బలవంతపెట్టకండి.

ఈ నెలలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, ఆవిడని వెంట తీసుకెళ్లండి. అమ్మాయి స్కాలర్‌షిప్ కోసం, మీ డిశ్చార్జి బుక్కులో ఆ పిల్ల పేరూ, పుట్టిన తేదీ ఎలా పడ్డాయో, పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉన్నాయో సరిచూడాలి. స్కూల్లో చేర్పించింది ఆవిడే కదా, ఆ కాగితాలన్నీ ఎక్కడున్నాయో ఆవిడకే తెలుస్తుంది.